దైవనామ వైరుధ్యం: నిర్గమకాండము 6:3, తెలుగు బైబిలు

హెబ్రీ బైబిలులో దేవుని స్వంత పేరుగా వచ్చే నాలుగక్షరాల పదం ఎప్పటినుంచి మనుషులకు తెలుసు అనే ప్రశ్నకు ఆ గ్రంథంలోనే రెండు విధాల సమాధానాలు కనబడడాన్ని దైవనామ వైరుధ్యం అంటారు. ఆదికాండము 4:26 ప్రకారం ఆదాము మనుమడు ఎనోషు కాలంలోనే మనుషులు ఆ నామాన్ని పలికి ప్రార్థించడం మొదలుపెట్టారు. నిర్గమకాండము 6:3 ప్రకారం దేవుడు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు ‘ఎల్ షద్దయ్’ అనే బిరుదుతో కనిపించాడే గాని, తన అసలు నామంతో వారికి తెలియలేదు. రెండు వేల ఏళ్లుగా యూదు రబ్బీలు, క్రైస్తవ వ్యాఖ్యాతలు, ఆధునిక కాలపు భాషాపండితులు ఈ రెండింటి మధ్య పొందిక వెదుకుతూనే ఉన్నారు. తెలుగు పాఠకుల విషయంలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది: ఇంగ్లీషు, తమిళ బైబిళ్లు చదివేవారికి సగం మరుగున పడే ఈ చిక్కు, కృష్ణా డెల్టాలో ఇంటింటా వాడే తెలుగు బైబిలులో ఏ మరుగూ లేకుండా ఎదురవుతుంది.

ఆ నాలుగక్షరాలు యోద్, హే, వావ్, హే. హెబ్రీ లిపి మొదట హల్లులనే రాసేది కాబట్టి ప్రాచీన ప్రతుల్లో ఈ పేరుకు అచ్చులు ఉండవు. హెబ్రీ బైబిలులో ఈ పదం సుమారు 6,800 సార్లు వస్తుంది. ఒక్క ఆదికాండములోనే 160కి పైగా కనబడుతుంది. క్రీస్తుకు పూర్వపు చివరి శతాబ్దాలకు వచ్చేసరికి యూదులు భయభక్తులతో ఈ పేరును పైకి పలకడం మానివేసి, చదివేటప్పుడు దాని చోట ‘అదోనాయ్’ (నా ప్రభువు) అనడం అలవాటు చేసుకున్నారు. తర్వాత హెబ్రీ పాఠానికి అచ్చుల గుర్తులు చేర్చిన మసోరా పండితులు ఈ పేరు కింద ‘అదోనాయ్’ అచ్చులను ఉంచారు. అవి ఇక్కడ ‘అదోనాయ్’ అని చదవాలి అని పాఠకుణ్ణి హెచ్చరించే గుర్తులే తప్ప ఆ పేరు ఉచ్చారణ కావు. మధ్యయుగపు ఐరోపా పండితులు ఆ హల్లులనూ ఈ అచ్చులనూ కలిపి చదవగా ‘యెహోవా’ రూపం పుట్టింది. అసలు ఉచ్చారణ ‘యాహ్వే’కు దగ్గరగా ఉండేదని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

చిక్కు కనబడే చోటు, కనబడని చోటు

తమిళ బైబిలు పాత నిబంధన అంతటా ఈ పేరును ‘కర్త్తర్’ అని అనువదించి, నిర్గమకాండము 6:3 వంటి కొద్ది చోట్ల మాత్రమే ‘యేకోవా’ అని రాస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు కూడా దాదాపు అన్నిచోట్లా ‘ప్రభువు’ అనే అర్థమిచ్చే మాటను పెద్దక్షరాల్లో అచ్చువేసి, ఇక్కడా మరికొద్ది చోట్లా మాత్రమే ‘జెహోవా’ అంటుంది. కాబట్టి ఆ రెండు భాషల్లో ఆదికాండము నుంచి వరుసగా చదువుకుంటూ వచ్చినవారికి, అబ్రాహాము దాదాపు ఎక్కడా పలకని ఒక కొత్త పేరు మోషే దగ్గర బయటపడినట్టే అనిపిస్తుంది. వైరుధ్యమన్న ఊహకు అంతగా తావుండదు. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే పాత తెలుగు అనువాదం ఆ వెసులుబాటు ఇవ్వదు. అది ఆదికాండము రెండో అధ్యాయం మొదలుకొని మలాకీ దాకా నాలుగక్షరాల పేరు ఉన్నచోటల్లా ‘యెహోవా’ అనే రాస్తుంది. ఈ నిజాయితీ వల్ల తెలుగు పాఠకుడు అబ్రాహాము నోట ఆ పేరు విని, ఇస్సాకు కట్టిన బలిపీఠం దగ్గర మళ్లీ విని, చివరకు నిర్గమకాండములో ‘ఆ పేరు వారికి తెలియదు’ అన్న మాట దగ్గర ఆగిపోతాడు.

విజయవాడలో కృష్ణ ఒడ్డున ప్రకాశం బ్యారేజికి ఎగువన ఉన్న భవానీపురం నుంచి మచిలీపట్నం దాకా ఆటోల వెనకా, ఇళ్ల గుమ్మాల మీదా, చిన్న దుకాణాల బోర్డుల మీదా కనిపించే ‘యెహోవా యీరే’ అనే మాట ఈ సమస్యను రోడ్డు మీదికే తెచ్చింది. ‘యెహోవా చూచుకొనును’ అని అర్థమిచ్చే ఈ పేరును, ఆదికాండము 22:14 ప్రకారం, కొడుకును బలి ఇవ్వబోయి ఆగిన కొండకు పెట్టినవాడు అబ్రాహామే. అంటే నిర్గమకాండము ఎవరికి తెలియలేదంటున్నదో, ఆ పితామహుడే ఆ పేరుతో ఒక చోటికి నామకరణం చేశాడు. ఆదికాండము 15:7లో దేవుడే స్వయంగా ఆ పేరు చెప్పుకొని, కల్దీయుల ‘ఊరు’ అనే పట్టణం నుంచి అబ్రామును రప్పించినవాడను తానేనని అంటాడు. 28:13లో యాకోబుకు కలలో ఇదే పేరుతో పరిచయం చేసుకుంటాడు. 17:1 మరీ విచిత్రం: కథ చెప్పేవాడు యెహోవా అబ్రాముకు ప్రత్యక్షమయ్యాడంటాడు, ప్రత్యక్షమైనవాడు మాత్రం తాను ఎల్ షద్దయ్‌నని చెప్పుకుంటాడు. ‘షద్దయ్’ వ్యుత్పత్తి నేటికీ తేలలేదు. తెలుగు అనువాదం గ్రీకు, లాటిను సంప్రదాయాన్ని అనుసరించి దానిని ‘సర్వశక్తిగల దేవుడు’ చేసింది.

‘తెలియుట’ అంటే ఏమిటి

సమన్వయ ప్రయత్నాల్లో బాగా పేరొందినదీ, పాఠానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేదీ ఫ్రాన్సు దేశపు యూదు వ్యాఖ్యాత రాషీ (1040–1105) చేసిన వివరణ. హెబ్రీ మూలంలో ‘నేను తెలియజేయలేదు’ అనే ప్రేరణార్థక క్రియ లేదనీ, ‘నేను తెలియబడలేదు’ అనే రూపమే ఉందనీ ఆయన గుర్తించాడు. ఆ పేరు పితరులు విననిది కాదు. వాగ్దానం చేసి దానిని నెరవేర్చేవాడు అన్న ఆ పేరులోని గుణం వారి అనుభవంలోకి రాలేదు, ఎందుకంటే కనాను దేశాన్నిస్తానన్న మాట వారి జీవితకాలంలో నెరవేరలేదు. ఆ తర్వాతి తరాల వాడైన నహ్మానిదు (1194–1270) దీనికి మరో మెరుగు పెట్టాడు: ప్రకృతి నియమాల చాటున జరిగే అద్భుతాలు షద్దయ్ పేరున జరిగినవి, ఐగుప్తులో బాహాటంగా జరిగినవి ఈ నాలుగక్షరాల పేరున జరిగినవి. క్రీ.పూ. 3వ శతాబ్దిలో మొదలైన గ్రీకు అనువాదమూ, దాని తర్వాతి లాటిను అనువాదమూ మాత్రం రాషీ పట్టుకున్న తేడాను చెరిపివేసి, ‘తెలియజేయలేదు’ అన్న అర్థాన్నే ఇచ్చాయి. తెలుగు అనువాదకులు ‘తెలియబడలేదు’ అన్నారు. ఆ కర్మణి ప్రయోగం తెలుగు చెవికి కాస్త ఎబ్బెట్టే. అయినా ఆ ఎబ్బెట్టుతనమే హెబ్రీ క్రియలోని తేడాను కాపాడింది.

రాషీ వాదానికి బలమైన సాక్ష్యం నిర్గమకాండములోనే, ఒక్క అధ్యాయం ముందే ఉంది. 5:2లో ఫరో తనకు యెహోవా ఎవరో తెలియదంటాడు. అప్పుడే మోషే అహరోనుల నోట ఆ పేరు విన్నవాడు తెలియదనడంలో ఉన్నది ఆ పేరు విననితనం కాదు, ధిక్కారం. దానికి జవాబుగా 6:7లో ఇశ్రాయేలీయులు తెలుసుకుంటారనీ, 7:5లో ఐగుప్తీయులు తెలుసుకుంటారనీ దేవుడు చెబుతాడు. ఇవి పేరు కొత్తగా నేర్చుకునే సందర్భాలు కావు, ఆ పేరుగలవాడు చేసే పనిని కళ్లారా చూసే సందర్భాలు. యెహెజ్కేలు గ్రంథంలో ‘అప్పుడు నేను యెహోవానని తెలుసుకుంటారు’ అన్న ధోరణి పదేపదే వస్తుంది. అక్కడ వింటున్న, చెరలో ఉన్న యూదులు పుట్టినప్పటి నుంచీ ఆ పేరు వింటున్నవారే.

తెలుగువారికి ఈ వివరణ పరాయిది కాదు. ‘నేనెవరో వాడికి ఇంకా తెలియదు’ అని పంతం పట్టిన మనిషి అన్నప్పుడు అవతలివాడికి అతని పేరు రాదని ఎవరూ అనుకోరు. ‘పేరు’ అన్న మాటే తెలుగులో పిలుపు దగ్గర ఆగిపోదు: పేరు తెచ్చుకోవడం, పేరు నిలబెట్టడం, పేరు పోగొట్టుకోవడం అన్న పలుకుబడుల్లో అది మనిషి చేసిన పనికీ, నిలుపుకున్న మాటకీ గుర్తు. హెబ్రీ ‘షేమ్’ కూడా అంతే. అయితే ఈ సామ్యం ఎంత హాయిగా అతికినా సమస్య పూర్తిగా తీరదు. 6:3 ఒక గుణానికి ఎదురుగా మరో గుణాన్ని పెట్టలేదు, ఒక పేరుకు ఎదురుగా మరో పేరును పెట్టింది. ‘షద్దయ్‌గా కనిపించాను’ అన్న మొదటి సగాన్ని రాషీ వివరణ నెమ్మదిగా పక్కకు జరుపుతుంది.

కృష్ణా మండల క్రైస్తవ చరిత్రలో ఈ విషయానికి తలకిందులైన ఉదాహరణ ఒకటి దొరుకుతుంది. 1859లో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి. వై. డార్లింగ్ బెజవాడలో పనిచేస్తున్నప్పుడు, రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఆయన్ను కలుసుకొని క్రైస్తవుడయ్యాడు. ఆ ప్రాంతంలో మాలలు సామూహికంగా క్రైస్తవంలోకి రావడం అక్కడినుంచే మొదలైంది. వెంకయ్య అంతకుముందే విగ్రహారాధన విడిచిపెట్టి, పేరు తెలియని దేవుణ్ణి నీవెవరవని అడుగుతూ ప్రార్థించేవాడని సంఘ చరిత్రలు చెబుతాయి. రాషీ చెప్పిన అబ్రాహాముకు పేరు తెలిసి దాని లోతు తెలియదు. వెంకయ్యకు తాను వెదికేవాడు ఉన్నాడని తెలిసి పేరు తెలియదు.

ప్రశ్నార్థకం, కాలదోషం, మూలాలు

20వ శతాబ్దిలో కొందరు పండితులు 6:3ను ప్రశ్నగా చదివారు: ‘నా నామంతో నేను వారికి తెలియలేదా?’ అంటే తెలిశాను కదా అని భావం. హెబ్రీలో ప్రశ్నార్థక అవ్యయం లేకుండా స్వరంతోనే ప్రశ్న వేయడం ఉన్నదే. తెలుగులోనూ చివరి అచ్చు సాగదీస్తే చాలు, ప్రకటన ప్రశ్న అయిపోతుంది. వైరుధ్యం ఒక్క దెబ్బతో మాయమయ్యే ఈ పరిష్కారం పరిశుద్ధ గ్రంథంలో పొరపాటుకు తావు లేదనే బోధకులకు ఆకర్షణీయమైంది. కాని ముందు వచ్చిన ‘షద్దయ్‌గా కనిపించాను’ అన్న ప్రకటనకు విరుద్ధాన్ని చెబుతున్నట్టే ఆ వాక్యం నడుస్తుంది. ప్రాచీన అనువాదాల్లో గ్రీకు గాని లాటిను గాని దానిని ప్రశ్నగా తీసుకోలేదు. సమన్వయాలన్నిటిలో సులువైనదీ, బలహీనమైనదీ ఇదే.

రెండో మార్గం కాలదోషాన్ని ఒప్పుకోవడం. మోషే తర్వాతి కాలపు రచయిత, తన పాఠకులకు పరిచయమైన పేరునే పాత కథల్లోనూ వాడాడనేది దీని సారం. పైన డార్లింగ్ పనిచేసిన ఊరిని ‘విజయవాడ’ అని రాసి ఉన్నా ఎవరూ తప్పు పట్టరు, 1859లో అధికార పత్రాల్లోనూ జనం నోటా ఉన్నది బెజవాడే అయినప్పటికీ. ఆదికాండములో కథకుడు తన మాటగా చెప్పిన చోట్లన్నిటికీ ఈ వివరణ చాలు. అయితే డార్లింగ్ స్వయంగా రాసిన ఉత్తరంలో ‘విజయవాడ’ అని కనబడితే చరిత్రకారుడు ఆ ఉత్తరాన్ని అనుమానిస్తాడు. 15:7లో, 28:13లో ఆ పేరు పలుకుతున్నది కథకుడు కాదు, దేవుడు. అక్కడ ఈ వివరణ సగంలోనే ఆగుతుంది.

ఆ అనుమానం నుంచే మూల విమర్శ పుట్టింది. ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్ట్రుక్ 1753లో తన పేరు లేకుండా ప్రచురించిన గ్రంథంలో, ఆదికాండములో ఒకచోట దేవుణ్ణి ‘ఎలోహీం’ అనీ మరోచోట నాలుగక్షరాల పేరుతోనూ పిలవడాన్ని బట్టి, మోషే వేర్వేరు పాత పత్రాలను కూర్చి ఉంటాడని ఊహించాడు. ఆస్ట్రుక్ ఉద్దేశం మోషే కర్తృత్వాన్ని కాపాడడమే. ఆయన వేసిన బాట మాత్రం వేరే ఊరికి చేరింది. జర్మను పండితుడు యూలియుస్ వెల్హౌజెన్ 1878లో దీనికి నిర్దిష్ట రూపమిచ్చాడు: ఎనోషు కాలం నుంచీ ఆ పేరు ఉందని చెప్పేది యాహ్వే మూలం, మండే పొదలో మోషేకు పేరు తెలిసిందని చెప్పే నిర్గమకాండము 3వ అధ్యాయంలో ప్రధానమైనది ఎలోహీం మూలం, షద్దయ్ నుంచి ఈ పేరుకు మెట్టు మెట్టుగా బయల్పాటు జరిగిందని చెప్పే 6వ అధ్యాయం యాజక మూలం. ఈ లెక్కన వైరుధ్యం వాస్తవమే, కాని ఒకే రచయిత తనతో తాను విభేదించడం కాదు. ఇశ్రాయేలీయుల జ్ఞాపకాల్లో మూడు పాయలు ఒక గ్రంథంలో కలిశాయి. ఇటలీ యూదు పండితుడు ఉంబెర్తో కస్సూతో 1934లో ఈ వాదాన్ని గట్టిగా ఎదిరించి, పేర్ల మార్పు మూలాల తేడా కాదనీ, సందర్భాన్ని బట్టి వచ్చే అర్థభేదమనీ వాదించాడు: ఇశ్రాయేలుతో నిబంధన సందర్భంలో స్వంత పేరు, సర్వ సృష్టికీ కర్త అన్న సందర్భంలో ‘ఎలోహీం’. ఈ ‘ఎలోహీం’ వ్యాకరణరీత్యా బహువచనం, దానికి వచ్చే క్రియ ఏకవచనం. గౌరవ బహువచనం నిత్యం వాడే తెలుగువారికి ఆ బహువచనం ఆశ్చర్యం కాదు, దానికి ఏకవచన క్రియ రావడమే కొత్త.

మూల విమర్శకు తోడ్పడే ఒక ఆధారం మనుషుల పేర్లలో ఉంది. డెల్టా క్రైస్తవ కుటుంబాల్లో సమూయేలు, దానియేలు, ఇమ్మానుయేలు అన్న పేర్లు ఎంత సాధారణమో ఏలీయా, యెషయా, యిర్మీయా కూడా అంతే. మొదటి గుంపులో చివరి ‘ఏలు’ దేవుడన్న సామాన్య పదం, రెండో గుంపులోని ‘యా’ నాలుగక్షరాల పేరుకు కుదింపు. ఆదికాండములో ఇష్మాయేలు, ఇశ్రాయేలు అంటూ మొదటి రకం పేర్లు కనబడతాయే గాని రెండో రకం స్పష్టంగా కనబడదు. ఆ రకానికి తొలి ఉదాహరణగా చెప్పదగినది మోషే తల్లి యోకెబెదు (నిర్గమకాండము 6:20). సంఖ్యాకాండము 13:16లో మోషే తన అనుచరుడు హోషేయ పేరును యెహోషువగా మారుస్తాడు. జనం తమ పిల్లలకు ఆ పేరును కలిపి పెట్టుకోవడం మోషే తరం నుంచే ఊపందుకుందనడానికి ఇది అనుకూలం. మూల విమర్శ గ్రంథం ఎలా ఏర్పడిందో చెబుతుంది, రాషీ వివరణ ఏర్పడిన గ్రంథాన్ని ఎలా చదవాలో చెబుతుంది. ఒకదాన్ని అంగీకరించినవారు రెండోదాన్ని తోసివేయవలసిన అవసరం లేదు.

‘ఉంటాను’

నిర్గమకాండము 3:14లో మోషే పేరు అడిగినప్పుడు వచ్చిన జవాబు ‘ఎహ్యే అషేర్ ఎహ్యే’. గ్రీకు అనువాదకులు దీనిని ‘ఉన్నవాడు’ అనే తాత్త్విక పదంగా మార్చగా, తెలుగు బైబిలు కూడా ఆ దారినే నడిచింది. హెబ్రీ క్రియ మాత్రం వర్తమాన స్థితిని చెప్పేది కాదు. పూర్తికాని, కొనసాగే, రాబోయే క్రియను చెప్పేది. తెలుగు వ్యాకరణం తద్ధర్మం అని పిలిచే రూపం దీనికి సరిగ్గా సరిపోతుంది: ‘ఉంటాను’ అన్నప్పుడు ఎప్పుడూ ఉండే స్వభావమూ, ఇకమీద ఉంటానన్న హామీ రెండూ ఒకే మాటలో వినబడతాయి. రెండు వచనాల ముందే, 3:12లో, ‘నీతో ఉంటాను’ అన్న హామీలో వచ్చింది ఇదే ‘ఎహ్యే’. పేరుకు వ్యుత్పత్తి చెబుతున్నట్టు కనిపించే ఈ వచనం నిజానికి వాగ్దానం చేస్తున్నదనుకుంటే, 6:3లో పితరులకు తెలియనిదేమిటో కూడా కొంత తేటపడుతుంది: వాగ్దానం వారు విన్నారు, నెరవేరడం చూడలేదు.

కొత్త నిబంధనలో

తెలుగు బైబిలు పాత నిబంధనలో చూపిన నిజాయితీకి కొత్త నిబంధన దగ్గర మూల్యం చెల్లించవలసి వచ్చింది. కొత్త నిబంధన గ్రీకు ప్రతుల్లో నాలుగక్షరాల పేరు లేదు. ‘క్యూరియొస్’ (ప్రభువు) ఉంది. కాబట్టి యోవేలు 2:32లో యెహోవా నామాన్ని పిలిచి ప్రార్థించేవారికి రక్షణ అని చదివిన తెలుగు పాఠకుడు, పౌలు అదే వచనాన్ని ఉదహరించిన రోమా 10:13లో ‘ప్రభువు’ అని చదువుతాడు. పౌలు యేసును ఉద్దేశించి ఆ వాక్యాన్ని వాడడంలోని సాహసం గ్రీకులో తెలిసినంతగా తెలుగులో తెలియదు. 110వ కీర్తన మొదటి వచనానిది దీనికి ఎదురు కథ: పాత నిబంధనలో యెహోవా, ప్రభువు అని ఇద్దరు స్పష్టంగా వేరుపడి ఉంటే, మత్తయి 22:44లో ఇద్దరు ప్రభువులు ఎదురై కొత్త చదువరిని తికమకపెడతారు. యెహోవాసాక్షుల అనువాదం కొత్త నిబంధనలోనూ ‘యెహోవా’ను చేర్చి ఈ ఎడాన్ని పూడ్చింది, గ్రీకు ప్రతుల ఆధారం లేకుండానే. మత్తయి 28:19లోని తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామానికీ, అపొస్తలుల కార్యములు 2:38లోని యేసుక్రీస్తు నామానికీ మధ్య పెంతెకొస్తు సంఘాల్లో నడిచే బాప్తిస్మ వివాదం కూడా ఈ చెట్టుకు మొలిచిన కొమ్మే.

కతోలికుల దారి వేరు. తెలుగు కతోలిక రచనల్లో ‘యావే’ అనే రూపం కనబడుతుంది. 2008 జూన్ 29 నాటి లేఖలో వాటికన్ దైవారాధన శాఖ, ప్రార్థనల్లోనూ పాటల్లోనూ ఈ పేరును పలకరాదనీ, దాని చోట ‘ప్రభువు’కు సమానమైన మాట వాడాలనీ ఆదేశించింది. ఆ ఆదేశానికి ఉన్న ఆధారాల్లో యూదుల మౌన సంప్రదాయం ఒకటి.

ఆ మౌనం డెల్టాలో మరోచోట కూడా వినబడుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలో, పూర్వం క్రైస్తవులుగా ఉండి, తాము ఎఫ్రాయిము గోత్రపు వారమని చెప్పుకుంటూ యూదు ఆచారాలు స్వీకరించిన బెనె ఎఫ్రాయిము కుటుంబాలకు 1991 నుంచి ఒక సమాజమందిరం ఉంది. యూదు సంప్రదాయంలో ప్రార్థించేవారు ఆ నాలుగక్షరాలు వచ్చినచోట ‘అదోనాయ్’ అంటారు, మామూలు మాటల్లో ‘హషేమ్’ అంటారు. ‘హషేమ్’ అంటే ‘ఆ పేరు’ అని మాత్రమే అర్థం.